పిల్లల్ని పంచుకోమంటున్నారు!

సమస్య:

అమ్మా, మాది పావగడ తాలూకాలో తిరుమణి దగ్గర పల్లె. పోయినేడు నా చెల్లెల్ని దాని మొగుడే చంపేశాడు. ఛార్జిషీటు వేశారు, ఇప్పుడు బెయిల్ మీద బయటికొచ్చాడు. 9 ఏళ్ల పాప, 5 ఏళ్ల బాబు అప్పట్నుంచీ నా దగ్గరే ఉన్నారు. ఆ రాత్రి జరిగింది పాప చూసింది. ఇప్పటికీ తలుపు గడియ రెండుసార్లు లాగి చూసుకుంటేగానీ పడుకోదు. చిన్నోడేమో "నాయన ఎప్పుడొస్తాడు?" అంటాడు.

"మగబిడ్డ మా వంశం, వాణ్ణిచ్చేసి పాపను మీరు పెట్టుకోండి" అని అత్తగారి వైపు వాళ్లు పట్టుబట్టారు. ఊరి పెద్దలూ అదే న్యాయమంటున్నారు. పాప కోర్టులో నోరు విప్పకుంటే ఇద్దర్నీ మాకే వదిలేస్తారట. మా నాయన చెల్లెలి పేర రాసిన రెండెకరాలు సోలార్ పార్కుకు లీజులో ఉంది, ఆ డబ్బు మీదా వాళ్ల కన్నుంది. తండ్రి బతికుండగా పెద్దమ్మకు హక్కెక్కడిది అంటున్నారు. నేనేం చేసేది?

- ఒక పెద్దమ్మ

సలహా:

అమ్మా, పాప సాక్ష్యాన్ని బేరానికి పెట్టనివ్వకండి. ఆ మాట ఎవరన్నారో, ఎప్పుడన్నారో రాసి పెట్టుకుని పోలీసులకూ, పబ్లిక్ ప్రాసిక్యూటరుకూ చెప్పండి. సాక్షిని బెదిరించినా, ఆశపెట్టినా బెయిల్ రద్దు చేయమని కోర్టును అడగవచ్చు. తల్లిని పోగొట్టుకున్న ఆ ఇద్దరికీ మిగిలింది ఒకరికొకరే. వాళ్లను విడదీసే అధికారం ఏ పంచాయితీకీ లేదు.

ఇక తండ్రి హక్కు సంగతి. బిడ్డల తల్లిని హత్య చేసిన తండ్రికి శిక్ష వేసే కోర్టే బిడ్డలపై అతని అధికారాన్నీ ఆపేయాలని ఇంగ్లండ్, వేల్స్‌లకు 2024లో చట్టం చేశారు. మన దగ్గర అది దానంతటది ఆగదు. ఎవరో ఒకరు కోర్టుకెక్కాలి. అది మీరే కావాలి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద, పిల్లలుంటున్న జిల్లాలోనే, అంటే తుమకూరు జిల్లా కుటుంబ న్యాయస్థానంలో అర్జీ వేయండి. తండ్రి బతికుంటే, అతను తగడని కోర్టుకు అనిపిస్తేనే మరొకరిని నియమిస్తుంది. అందుకే ఛార్జిషీటు నకలు జతచేయండి. తీర్పు వచ్చేదాకా ఇద్దరూ మీ దగ్గరే ఉండేలా మధ్యంతర ఉత్తర్వూ అడగండి.

శిక్ష పడేదాకా ఆగక్కర్లేదు. తల్లి అసహజంగా చనిపోయి, తండ్రిపై వేధింపుల కేసు నడుస్తున్న పిల్లల్ని 1992లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు స్వయంగా పిలిచి మాట్లాడి, మేనమామకు అప్పగించారు. 2008లో పశ్చిమ బెంగాల్‌కు చెందిన ఒక బాబు కేసులో కింది కోర్టులు తండ్రికివ్వమన్నా, సుప్రీంకోర్టు ఆ బాబును అమ్మమ్మా తాతల దగ్గరే ఉంచింది. తండ్రి మీదున్న కేసునూ, బిడ్డ మనసునూ చూడాల్సిందేనంది.

ఇక పొలం. చంపినవాడికి చనిపోయినవారి ఆస్తిలో వాటా లేదని 1956 హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. నేరం రుజువైతే ఆ రెండెకరాలూ పిల్లలిద్దరివే. మీరు గార్డియన్ అయ్యాక కూడా కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు. లీజు డబ్బు పిల్లల పేర బ్యాంకులో పడేలా కోర్టునే అడగండి.

ఖర్చుకు భయపడకండి. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. పావగడ కోర్టులో తాలూకా కానూను సేవల సమితిని అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. బాధితుల పరిహారం గురించీ అక్కడే అడగండి. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద అర్హత ఉంటే బిడ్డకు నెలకు 4,000 రూపాయలు వస్తుంది. దానికి జిల్లా బాలల రక్షణ విభాగంలో అర్జీ పెట్టండి.

చిన్నోడికి అబద్ధం చెప్పకండి. "నాయన చాలా పెద్ద తప్పు చేశాడు, జడ్జిగారు విచారిస్తున్నారు, ఇందులో నీ తప్పేమీ లేదు" అనండి. నాయన మీద బెంగపడితే కసరొద్దు. ఆ బెంగ మీ చెల్లెలికి చేసే ద్రోహం కాదు. పాపకు సాక్ష్యం వల్లె వేయించకండి, జరిగిందే చెప్పమనండి. రాత్రి భయాలకు పిల్లల కౌన్సెలరు అవసరం. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేస్తే దారి చూపుతారు.

ఈ వారంలోనే అర్జీ వేయండి. పంచాయితీ మళ్లీ కూర్చుంటే, "పిల్లల విషయం కోర్టులో ఉంది, ఏం చెప్పాలన్నా అక్కడికొచ్చి చెప్పండి" అని లేచి వచ్చేయండి.