కాలు బెణికినపుడు - విశ్రాంతి ఎంత? వ్యాయామమెంత?

వేసవి ముదిరినకొలది గుంటూరు, ప్రకాశం ప్రాంతపు నల్లరేగడి నేలలు నెఱ్ఱెలు విచ్చును. ప్రత్తి తీసిన చేలలో బాలురు క్రికెట్ ఆడుదురు. పెద్దలు తెల్లవారుజామున డొంకల వెంట నడకకు బయలుదేరుదురు. అడుగు నెఱ్ఱెలో గాని గట్టు అంచున గాని పడినచో పాదము లోపలికి మడతపడి చీలమండ బెణుకును. ఈ బాధ ఎరుగని ఇల్లు లేదు.

అయినను ఇంటిలో జరుగు చికిత్స తరచుగా రెండు విధముల పెడదారి పట్టుచున్నది. కొందరు వెంటనే వేడినూనెతో గట్టిగా మర్దించి, పాదమును గుంజి సరిచేయ జూతురు. మరికొందరు కట్టు కట్టించి వారములకొలది కాలు కదపనీయరు. మొదటి పద్ధతి వాపును పెంచును; రెండవది కాలిని బలహీనపరచును. ఈ రెండింటి నడుమనున్న మార్గమేదో తెలిసికొందము.

బెణుకు అనగానేమి?

ఎముకను ఎముకతో బంధించు నారవంటి కణజాలమును సంధిబంధమనియు, లిగమెంటు అనియు అందురు. ఇది హద్దుమీరి సాగుట వలన గాని, కొంత చిరుగుట వలన గాని కలుగునదే బెణుకు. చిరిగినచోట కొన్ని దినములు వాపు, వేడిమి ఉండును. పిదప కొన్ని వారములలో క్రొత్త నారలు ఏర్పడును. అవి పూర్తిగా గట్టిపడుటకు నెలలు పట్టును. లిగమెంటులో నాడీతంతువులు కూడ కలవు. కీలు ఏ కోణమున నున్నదో ఇవి మెదడునకు తెలుపుచుండును. బెణుకుతో ఈ వార్తావ్యవస్థయు దెబ్బతినును. నొప్పి తగ్గినను అదే కాలు మరల మరల మడతపడుటకు ఇది ఒక ముఖ్యకారణము.

మొదట తేల్చుకొనవలసినది

చికిత్సకు ముందు ఎముక విరుగలేదని నిర్ధారణ కావలెను. కెనడాలోని ఒటావా విశ్వవిద్యాలయ వైద్యులు 1992లో ఇందుకు సులభమైన నియమములను ప్రకటించిరి. వీనిని ఇంటియొద్దను గుర్తుంచుకొనవచ్చును. ఈ క్రింది లక్షణములలో ఏ ఒక్కటి యున్నను ఎక్స్‌రే తీయించవలెను.

1. దెబ్బ తగిలిన వెంటనేయు, తరువాత పరీక్షించునపుడును, కుంటుచునైనను నాలుగడుగులు వేయలేకపోవుట.

2. చీలమండకు ఇరుప్రక్కల నుండు ఎముక గుబ్బల వెనుక అంచున గాని, కొనయందు గాని నొక్కినచో నొప్పి కలుగుట.

3. పాదపు వెలుపలి అంచు నడుమనున్న ఎముకపైన గాని, లోపలి ప్రక్క మడమకు ముందున్న ఎముకపైన గాని నొక్కినచో నొప్పి కలుగుట.

చిన్నపిల్లలను, మధుమేహము వలన పాదముల స్పర్శ తగ్గినవారిని ఈ పరీక్షతో నిమిత్తము లేకుండ వైద్యునికి చూపుట మేలు. ఎక్స్‌రే చూడకుండ పాదమును గుంజనీయరాదు.

మొదటి మూడు దినములు

కాలిని దిండుపై ఎత్తుగా నుంచవలెను. సాగెడు బట్టకట్టు కట్టవలెను. కట్టు విషయమున సుశ్రుతుడు చెప్పినది నేటికిని శిరోధార్యము: వదులైనచో కీలు నిలువదు, బిగువైనచో వాపు, నొప్పి కలుగును. వ్రేళ్లు నీలిరంగు తిరిగినను, తిమ్మిరెక్కినను వెంటనే కట్టు సడలించవలెను. నొప్పి అధికముగా నున్నచో మంచుముక్కలను గుడ్డలో చుట్టి 10 నిమిషములు ఉంచవచ్చును. ఈ మూడు దినములును వేడికాపడము, మర్దన, వేడి పట్లు పనికిరావు.

మన ఇండ్లలో వాడుకలో నున్న చింతపండు, ఉప్పు ఉడికించిన పట్టును గాని, వావిలాకు కాపడమును గాని వాపు తగ్గుముఖము పట్టిన తరువాతనే, చర్మము ఓర్చునంత గోరువెచ్చగా వాడవలెను. పసుపు, సున్నము కలిపి పట్టు వేయువారు చర్మము కాలకుండ జాగ్రత్త వహించవలెను. పుండు, గీరుడు ఉన్నచోట దానిని వేయరాదు.

కదలికయే ఔషధము

విశ్రాంతి, మంచు, కట్టు, ఎత్తు అను నాలుగు సూత్రముల చికిత్సను 1978లో ప్రచారమునకు తెచ్చిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్, మంచును, పూర్తి విశ్రాంతిని అతిగా వాడిన మానుట ఆలస్యము కావచ్చునని తదుపరి తానే సవరించుకొనిరి. క్రొత్తగా ఏర్పడు నారలు మొదట చిక్కుపడిన దారమువలె నుండును. వానిపై మితమైన ఒత్తిడి పడినపుడే అవి బరువు పడు దిక్కున వరుసదీరి బలపడును. కావున ఎముక విరుగని సామాన్యపు బెణుకునకు మూడవ దినము మొదలు కదలిక ప్రారంభించుట యుక్తము.

ఇంటియొద్ద అభ్యాసము

మొదటి మెట్టు: కుర్చీలో కూర్చుండి పాదమును పైకి, క్రిందికి కదుపుట, బొటనవ్రేలితో గాలిలో అ, ఆ, ఇ, ఈ వ్రాయుట. దినమునకు మూడు పర్యాయములు.

రెండవ మెట్టు: గోడ పట్టుకొని మడమలెత్తి నిలుచుట; నొప్పి లేకుండ నడచుట.

మూడవ మెట్టు: గోడ ప్రక్కన, బెణికిన కాలిపై 30 సెకనులు నిలుచుట. అలవడిన పిదప యువకులు కన్నులు మూసికొని చేయవచ్చును. వృద్ధులు గోడ విడువరాదు.

మూడవ మెట్టును అల్పమని తలపరాదు. ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు చీలమండ బెణికిన 522 మంది క్రీడాకారులను రెండు వర్గములుగా చేసి, ఒక వర్గముచే ఎనిమిది వారములు ఇంటియొద్దనే ఇట్టి సమతుల్య అభ్యాసములు చేయించిరి. 2009లో ప్రచురితమైన ఫలితములనుబట్టి, ఒక సంవత్సరములో సామాన్య చికిత్స మాత్రమే పొందినవారిలో నూటికి 33 మందికి కాలు మరల బెణికినది. అభ్యాసము చేసినవారిలో 22 మందికే.

ఎంత చేయవలెను?

బలములో సగము మేరకే వ్యాయామము చేయవలెనని ఆయుర్వేదము శాసించినది. శ్వాస నోటివరకు వచ్చుట అర్ధశక్తికి గుర్తు అని సుశ్రుతుడు చెప్పెను. గాయపడిన కాలికి మరియొక గుర్తు కలదు: మరునాటి ఉదయమున వాపు గాని నొప్పి గాని పెరిగినచో ముందునాటి అభ్యాసము మితిమీరినదని గ్రహించి సగమునకు తగ్గించవలెను. రెండు కాళ్లపైనను సమానముగా కుప్పించగలిగి, నొప్పి లేకుండ పరుగిడగలిగిన పిదపనే ఆటకు పంపవలెను.

మోకాలి విషయమున

మోకాలిలో "టప్" మను శబ్దము వినిపించి, కొన్ని గంటలలో వాచి, నడచునపుడు కీలు జారినట్లుండిన అది ఇంటివైద్యమునకు లోబడదు. ఎముకల వైద్యుని చూడవలెను. అట్లని ఆశ వదలుకొన నక్కరలేదు. 1973లో నాటి ప్రకాశం జిల్లా నాగండ్లలో జన్మించిన శ్రీ పుల్లెల గోపీచంద్ గారికి 1994లో ఆడుచుండగా మోకాలి లిగమెంటు తెగినది. శస్త్రచికిత్సలు జరిగినవి. వారు 1996లో జాతీయ బ్యాడ్మింటన్ విజేతలై, 2000 వరకు ఆ స్థానమును నిలుపుకొనిరి. 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో చైనా క్రీడాకారుడు చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ బిరుదు పొందిరి. శస్త్రచికిత్స కీలును సరిచేయును. దానికి తిరిగి బలము కూర్చునది క్రమబద్ధమైన అభ్యాసమే.

కావున గృహిణులు, తల్లిదండ్రులు ఈ క్రమమును మనసున నిలుపుకొందురుగాక: ముందు నాలుగడుగుల పరీక్ష, పిదప మూడు దినముల సంరక్షణ, అటుపై ఎనిమిది వారముల సమతుల్య అభ్యాసము. నొప్పి పోయినదని ఈ మూడవదానిని మానివేయుటయే మరుసటి బెణుకునకు ద్వారము తెరచును.