గాయానికి కట్టు – మనసుకు మాట

ఈ వార్షికోత్సవ సంచికలో, అందరికీ తెలిసినా ఎవరూ పైకి మాట్లాడని ఒక విషయం రాయదలచుకున్నాము. బాధ తట్టుకోలేక తమను తామే గాయపరచుకునే పిల్లలకు నర్సు ఎలా తోడ్పడుతుంది, మనం ఎలా తోడ్పడగలం అన్నదే ఆ విషయం.

మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా గదిలో ఒక అమ్మాయి ఎండాకాలంలోనూ నిండు చేతుల చొక్కా వేసుకునేది. మేము ఎగతాళి చేశాము. గాయాలు చూసినప్పుడు గదులన్నిటికీ చెప్పాము. ఆ సిగ్గుతో ఆమె ఇంటికి వెళ్లిపోయింది, మళ్లీ బడికి రాలేదు. మేము చేసింది ఎంత తప్పో నర్సింగ్ చదివాక తెలిసింది.

ఎందుకు చేసుకుంటారు?

దీనిని స్వీయహాని అంటారు. చాలామంది చావాలని కాదు, లోపలి బాధ కాసేపైనా తగ్గాలని ఇలా చేస్తారు. అలాగని తేలికగా తీసుకోరాదు. వీరికి ఆత్మహత్య ముప్పు ఇతరులకంటే ఎక్కువ. "నాటకాలు ఆడుతోంది", "గాలి సోకింది" అనడం తప్పు.

మన అనంతపురం ప్రాంతంలో వాన రాక వేరుశనగ పోతే అమ్మానాన్నలు బెంగళూరుకు వలస పోతారు. పిల్లలు హాస్టల్లో ఉంటారు. ఇంట్లో అప్పు, తాగుడు, చదువు మాన్పించి పెళ్లి చేస్తారన్న భయం, పరీక్షలు, కులం పేరుతో అవమానం, లైంగిక వేధింపు ఒకదాని మీద ఒకటి పడతాయి.

నర్సు ఏం చేస్తుంది?

1. ముందు గాయం చూస్తుంది. శుభ్రం చేసి కట్టు కడుతుంది. "నువ్వే చేసుకున్నావుగా, ఓర్చుకో" అనదు.

2. పక్కకు తీసుకెళ్లి, తొందరపెట్టకుండా వింటుంది.

3. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడుగుతుంది. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలదు, వెంటనే డాక్టరుకు చూపిస్తుంది.

4. విన్నది పదిమందికీ చెప్పదు. కానీ ప్రాణానికి ముప్పున్నా, ఎవరైనా హింసిస్తున్నా, బాధ్యత గలవారికి చెప్పక తప్పదని ముందే చెబుతుంది.

5. "ఇక చేయను" అని ఒట్టు వేయించుకోదు. మళ్లీ బాధ ముంచుకొస్తే ఏం చేయాలి, ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది బిడ్డ చేతనే కాగితం మీద రాయిస్తుంది. మళ్లీ ఎప్పుడు రావాలో చెబుతుంది.

హాస్టల్లో మనం ఏం చేయాలి?

గాయం కనబడితే కేకలు వేయవద్దు, నలుగురికీ చూపవద్దు. "నీతో ఉంటా, పద" అని వార్డెన్ దగ్గరికో, ఏఎన్ఎం అక్క దగ్గరికో తోడు వెళ్లండి. రహస్యమంతా మీరొక్కరే మోయవద్దు. పెద్దలకు మా మనవి ఒక్కటే: ఇంటికి పంపేయడం వైద్యం కాదు. పంపేస్తారన్న భయంతోనే పిల్లలు గాయాలు దాస్తారు. మన ఇళ్లలో ఒకసారి ఆగిన చదువు మళ్లీ మొదలవడం ఎంత కష్టమో మనకు తెలుసు.

అండగా ఉన్నవి

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులో ఉంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలని, వారికి చికిత్స అందించడం ప్రభుత్వ బాధ్యత అని 115వ సెక్షన్ చెబుతుంది. విశాఖపట్నంలో చదువుకుంటూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు, హాస్టళ్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలన్నది అందులో ఒకటి. దీనిని మనం అడగవచ్చు.

2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్‌కు 14416 నంబరులో రాత్రి పగలు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లలపై హింస జరుగుతుంటే 1098కు చెప్పవచ్చు. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉంటారు.

ఈ నంబర్లను భోజనశాల గోడమీద పెద్ద అక్షరాలతో రాయించాలని కోరుతున్నాము. ఇది చదువుతున్న తమ్ముడూ, చెల్లీ, నీ చొక్కా కింద అలాంటి గాయం ఉంటే సిగ్గుపడవద్దు. ఈ రోజే ఒక్కరికి చెప్పు.