రెండు ముళ్లు కలిసి లేవనప్పుడు

బిడ్డా,

వ్యర్థజలంలో ఉంచిన చేపల మీద నువ్వు చేసి పంపిన పట్టిక చూశాను. చురుకుదనం పెరిగిన జన్యువులు ఒకవైపు, తగ్గినవి ఒకవైపు శ్రద్ధగా పేర్చావు. వాటి మధ్య పొత్తు ఏమైందో మాత్రం అందులో లేదు. నాకు కావలసింది అదే.

పటాన్‌చెరులో బల్క్ డ్రగ్ కంపెనీలో షిఫ్టు చేసిన రోజుల్లో రియాక్టర్ మీద రెండు గేజీలు చూసేవాణ్ణి. మూత బిగించి వేడి చేస్తుంటే టెంపరేచర్, ప్రెషర్ ముళ్లు రెండూ కలిసి లేవాలి. ఒక రాత్రి వేడి ఎక్కుతోంది, ప్రెషర్ ముల్లు కదలదు. విడివిడిగా చూస్తే రెండూ హద్దులోనే ఉన్నాయి. వెళ్లి చూస్తే గ్యాస్కెట్ దగ్గర ఆవిరి కారుతోంది. ముళ్ల మధ్య పొత్తు తెగడమే ఆ సంగతి చెప్పింది. జన్యువుల్నీ అలాగే జంటలుగా చూడాలి.

మన పటాన్‌చెరులో 2007 నాటికి సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలం చేరిన ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉంది కదా. అక్కడ శుద్ధి చేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం తేల్చింది. 2009లో వచ్చిన మరో పరిశోధనలో ఆ నీటిని 500 వంతులు పలచన చేసి, అందులో రెయిన్‌బో ట్రౌట్ చేపల్ని ఉంచి, జన్యువుల పని ఎలా మారిందో చూశారు. అంత పలచనలోనూ సివైపీ1ఎ ఎంజైమ్ చురుకుదనం పెరిగింది.

కాలేయ కణంలో ఏహెచ్ఆర్ అనే గ్రాహకం విషపదార్థాన్ని పట్టుకుని కేంద్రకంలోకి వెళ్లి సివైపీ1ఎ జన్యువును లేపుతుంది. తనకే కళ్లెం వేసే ఏహెచ్ఆర్ఆర్ జన్యువునూ అదే లేపుతుంది. ఈ జంట విడిపోతే నియంత్రణ ఎక్కడో తెగిందని అనుమానించాలి.

అందుకే మంచినీటి చేపల్లో ప్రతి జన్యు జంటకూ సహసంబంధం లెక్కకట్టు, వ్యర్థజలంలో ఉంచిన చేపల్లో విడిగా కట్టు. ఒకచోట 0.9 ఉన్నది ఇంకోచోట 0.1 అయితే, ఆ తేడాను రాసిపెట్టుకో. ఏ జన్యువు చుట్టూ తేడాలు ఎక్కువ పోగుపడ్డాయో చూడు. తర్వాత ఏ చేప ఏ నీటిదో చెప్పే చీటీలన్నీ వెయ్యిసార్లు కలిపేసి, ప్రతిసారీ మళ్లీ లెక్కించు. అప్పుడూ అంత తేడా తరచూ వస్తుంటే నీ దగ్గర ఆధారం లేనట్టే.

గుంపుకు ఐదు చేపలు చాలవు. నాలుగు కాలేయాలను ఒకే ట్యూబులో కలపకు. చేపకూ చేపకూ ఉండే తేడాలోనే మనకు సంబంధం కనబడేది. కలిపితే దాన్ని మన చేత్తో మనమే చెరిపేసినట్టు. పటాన్‌చెరు వ్యర్థజలం చేరిన నక్కవాగు వెళ్లి మంజీర నదిలో కలుస్తుంది. ఆ ఒడ్డున పొలాలున్నవాళ్లకు మనం తొందరపాటు జవాబు ఇవ్వకూడదు.

ఆదివారం నీ దగ్గరికి వస్తాను. అప్పటిదాకా ఈ లెక్కల ప్రోగ్రాం నడపకు. ముందు ఒక అక్షం మీద సివైపీ1ఎ, ఇంకో అక్షం మీద ఏహెచ్ఆర్ఆర్ పెట్టి, చేపకొక చుక్క చొప్పున, రెండు గుంపులకు రెండు రంగుల్లో, గ్రాఫ్ కాగితం మీద చేత్తో వేసి ఉంచు.

మామయ్య