నైట్ డ్యూటీ, పగటి నిద్ర

ప్రశ్న: వరంగల్‌లో స్టాఫ్ నర్సుని. నైట్ డ్యూటీ దిగొచ్చి, బాబుకి బాక్సు కట్టి, వంట ముగించేసరికి పదకొండు. నడుం వాలిస్తే ‘పగలంతా నిద్రేనా’ అంటారు అత్తయ్య. అందరి మీదా విసుక్కుంటున్నాను. ఏం చేయను?

జవాబు: ఆ విసుగంతా నిద్ర బాకీయేనమ్మా. వెలుతురు కంట్లో పడితే నిద్రకు తోడ్పడే మెలటోనిన్ తగ్గిపోతుంది. అందుకే పగటి నిద్ర ఊరికే తెగుతుంది. కిటికీకి మందపాటి దుప్పటి కట్టండి. ఇంటికొచ్చే దారిలో నల్లద్దాలు పెట్టుకోండి, కాలనీవాళ్లు నవ్వితే నవ్వనీ. కళ్లు మూతలు పడుతుంటే స్కూటీ ముట్టుకోవద్దు, ఆటోలో రండి. రాత్రి రెండు దాటాక టీ మానేయండి. ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది.

ఇక వంట. నైట్ల వారం బాక్సు మీవారే కట్టాలి. ఇందులో మొహమాటమెందుకో నాకర్థం కాదు. డ్యూటీ చార్టు వంటింటి గోడకి అంటించండి, అత్తయ్యకీ లెక్క తెలుస్తుంది. షిఫ్టులు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వరసలో మారితే శరీరం తేలిగ్గా సర్దుకుంటుంది. వెనక్కి తిప్పుతుంటే హెడ్ నర్సుతో మాట్లాడండి.

రెండు వారాలైనా మనసు కుదుటపడకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.