డిక్రీకి ముందే అడగాల్సిన ప్రశ్న

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు నుంచి అమెరికా వచ్చిన దంపతులకు కాపురం ఇక నిలవదని తేలితే, మొదటి ఫోను ఇంటికే పోతుంది. అక్కడ పెద్దమనుషులు కూర్చుంటారు. పెట్టిన బంగారమెంత, పెళ్లి ఖర్చెంత, తిరిగి ఇవ్వాల్సిందెంత అని తెల్లవార్లూ మాట్లాడతారు. వీసా కేసు ఏ దశలో ఉందని మాత్రం ఎవరూ అడగరు. సంతకం పెట్టిన మూడు నెలలకు అమెరికాలో ఉన్న అమ్మాయికో అబ్బాయికో ఉండే హక్కే పోయిందని తెలుస్తుంది. ఆ ప్రశ్న ముందే అడగాలన్నదే నా మనవి.

అమెరికా ఇమ్మిగ్రేషన్ లెక్కలో వేరుగా ఉండటం వేరు, విడాకులు వేరు. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్న భర్త దగ్గరికి భార్య హెచ్-4 మీద వచ్చిందనుకుందాం. వేరే ఇంట్లో ఉంటున్నా, కోర్టులో కేసు నడుస్తున్నా, చట్టం ముందు ఆమె ఇంకా భార్యే. హెచ్-4 హోదా కోర్టు ఇచ్చే విడాకుల డిక్రీతో ముగుస్తుంది. 2015 నుంచి కొందరు హెచ్-4 వారికి ఇస్తున్న వర్క్ పర్మిట్ కూడా దాంతోనే పోతుంది. ఉద్యోగం పోయినవారికి ఇచ్చే 60 రోజుల గడువు విడాకులకూ వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. వర్తించదు. విద్యార్థి వీసాకు గానీ, సొంత హెచ్-1బికి గానీ, కనీసం సందర్శకుల వీసాకు గానీ మారే దరఖాస్తు డిక్రీకి ముందే పడాలి. పిల్లల హెచ్-4కు ఢోకా లేదు, తల్లిదండ్రులు విడిపోయినా బిడ్డ బిడ్డే కదా.

గ్రీన్ కార్డు వరుసలో ఏళ్ల తరబడి నిలబడ్డ జంటల సంగతి ఇంకా సున్నితం. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డులో రెండోవారి ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) మొదటివారి మీద ఆధారపడుతుంది. ఆమోదం వచ్చే నాటికి పెళ్లి నిలిచి ఉండాలి. ఆమోదం ముందు వచ్చి డిక్రీ తర్వాత వస్తే కార్డు చేతిలో ఉంటుంది. డిక్రీ ముందు వస్తే పదేళ్ల ఎదురుచూపు గాలికి పోతుంది. అందుకే రాజీ మాట్లాడేటప్పుడు డబ్బుతో పాటు తేదీ గురించీ మాట్లాడుకోమంటాను. ఇద్దరి లాయర్లూ ఒప్పుకుంటే డిక్రీ కొంత ఆగుతుంది, అందులో తప్పేమీ లేదు. కానీ ఇంటర్వ్యూలో కలిసి ఉంటున్నారా అని అడిగితే నిజమే చెప్పాలి. అక్కడ అబద్ధమాడితే కార్డు పోవడంతో ఆగదు, మళ్లీ అమెరికాలో అడుగు పెట్టడమే కష్టమవుతుంది.

అమెరికా పౌరసత్వం ఉన్నవారిని పెళ్లి చేసుకుని వచ్చినవారికి ఆధారం వారు వేసే ఐ-130 పిటిషన్. కేసు పెండింగులో ఉండగా విడాకులైతే అది అక్కడితో ఆగిపోతుంది. కార్డు వచ్చేనాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే రెండేళ్ల షరతు కార్డే ఇస్తారు. షరతు తీసేయడానికి ఇద్దరూ కలిసి ఐ-751 వేయాలి. విడాకులైపోయినవారు ఒంటరిగానూ వేయవచ్చు, అయితే పెళ్లి నిజమైనదని చూపాలి. అద్దె కాగితాలు, ఉమ్మడి బ్యాంకు ఖాతా, టాక్స్ రిటర్నులతో పాటు ఊళ్లో జరిగిన పెళ్లి ఆల్బమ్, శుభలేఖ, సబ్ రిజిస్ట్రార్ ఇచ్చిన సర్టిఫికెట్ ఇక్కడే అక్కరకొస్తాయి. తీరా చూస్తే అవి అత్తగారింటి బీరువాలో ఉంటాయి. సంబంధాలు చెడకముందే స్కాన్ చేయించి మీ దగ్గర ఉంచుకోండి. స్పాన్సర్ చేసినవారికీ ఒక మాట: అవతలివారికి గ్రీన్ కార్డు వచ్చాక, పోషణ బాధ్యత తీసుకుంటూ మీరు సంతకం చేసిన ఐ-864 విడాకులతో రద్దు కాదు.

కొట్టే మనిషి చేతిలో మొదటి ఆయుధం వీసాయే. క్యాన్సిల్ చేయిస్తా, ఊరికి పంపేస్తా అంటాడు. ఆ మాటకు భయపడి ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న ఆడపిల్లలు మన పక్కనే ఉన్నారు. వాళ్లకు దారి ఉంది. పౌరుడి లేదా గ్రీన్ కార్డుదారుడి భార్య హింసకు గురైతే, అతని సంతకం లేకుండానే సొంతంగా ఐ-360 పిటిషన్ వేసుకోవచ్చు. విడాకులైనా, అవి ఆ హింసతో ముడిపడినవైతే, రెండేళ్లలోపు వేయవచ్చు. ఆ దరఖాస్తు సంగతి ప్రభుత్వం భర్తకు చెప్పదు. హెచ్-4 మీద ఉన్నవారికి ఐ-765వి ద్వారా వర్క్ పర్మిట్ అడిగే వీలుంది. బాధితుడు మగవాడైనా ఇవే నియమాలు. న్యూజెర్సీలో మానవి, న్యూయార్క్‌లో సఖి, కాలిఫోర్నియా బే ఏరియాలో మైత్రి, హ్యూస్టన్‌లో దయ, అట్లాంటాలో రక్ష మన దక్షిణాసియా వారి కోసమే పుట్టిన సంస్థలు. ప్రాణం మీదికి వస్తే మాత్రం ముందు 911.

ఇక ఊరి వైపు సంగతి. అమెరికా కోర్టు విడాకులిచ్చినంత మాత్రాన ఇండియాలో చెల్లుతుందన్న హామీ లేదు. ఈ సూత్రం తేల్చిన కేసు మన రాయలసీమదే. 1975లో తిరుపతిలో పెళ్లయింది. భర్త అమెరికాలో ఉంటూ 1980లో మిస్సోరీలోని సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టు నుంచి డిక్రీ తెచ్చుకుని, మరుసటి ఏడాది యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. వై. నరసింహారావు వర్సెస్ వై. వెంకటలక్ష్మిగా అది సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1991లో తీర్పయింది. ఆ డిక్రీ ఇండియాలో చెల్లదంది కోర్టు. పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టం ప్రకారం అధికారమున్న కోర్టే, ఆ చట్టం ఒప్పుకునే కారణం మీదే విడాకులివ్వాలి; అలా కాకుంటే అవతలివారు మనస్ఫూర్తిగా ఆ కోర్టుకు లోబడి ఆ చట్టం ఒప్పుకునే కారణం మీదే వాదించి ఉండాలి, లేదా విడాకులకు ఒప్పుకుని ఉండాలి. నోటీసు అందినా పట్టించుకోకుండా ఊరుకుంటే ఒప్పుకున్నట్టు కాదని కూడా చెప్పింది. అబ్బాయిల తరఫువారు ఈ తీర్పును తప్పక చదివించుకోవాలి.

అందువల్ల ఇద్దరూ అంగీకరిస్తే పరస్పర సమ్మతి విడాకులే అన్నిటికన్నా క్షేమం. హిందూ వివాహ చట్టం 13-బి కింద ఏడాది వేరుగా ఉండాలి, మొదటి దరఖాస్తుకూ చివరి మాటకూ మధ్య ఆరు నెలలు. 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఆ ఆరు నెలలను తగిన సందర్భంలో కోర్టు మాఫీ చేయగలదు. దరఖాస్తు వేయడానికి పెళ్లి జరిగిన చోటు, చివరగా కలిసి ఉన్న చోటు, భార్య దరఖాస్తు వేస్తే ఆమె ఉంటున్న చోటు, ఏదైనా పనికొస్తుంది. పెద్దమనుషుల కాగితం మాత్రం డిక్రీ కాదు. ఆచారం ప్రకారం విడిపోయే కులాలకు చట్టంలో వెసులుబాటున్నా, ఆచారం ఉందని రుజువు చేసే భారం మీదే.

ప్రొద్దుటూరులో కొన్న నగలకు రసీదులుంటాయి, వాటిని దాచండి. అత్తగారి లాకరులో ఉన్నా పుట్టింటివారు అమ్మాయికి పెట్టిన బంగారం ఆమెదేనని 1985లో ప్రతిభారాణి కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. కోపంలో పోలీసు కేసు పెట్టేముందు కూడా లాయరును అడగండి. నిజంగా వేధింపు జరిగితే తప్పక పెట్టాలి. బేరం కోసం పెడితే మాత్రం కేసు కోర్టులో ఉన్నంత కాలం అవతలివారి పాస్‌పోర్టు రెన్యువల్‌కు చిక్కొస్తుంది, ఆ పాస్‌పోర్టు మీదే మీ బిడ్డ పోషణ సాగించే ఉద్యోగం నిలబడి ఉంటుంది.

ఫ్యామిలీ లాయరూ ఇమ్మిగ్రేషన్ లాయరూ వేర్వేరు మనుషులు. ఒకరు చెప్పింది రెండోవారికి చూపించకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. ఇండియాలో పోటీపడి గెలిచిన డిక్రీ అయితే అప్పీలుకు 90 రోజులుంటుంది. ఆ గడువు దాటేదాకా రెండో పెళ్లికి ముహూర్తం పెట్టొద్దని ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పండి.