గృహమందు సముద్రము

మేము 400 లీటర్ల గాజుతొట్టిలో ఉప్పునీరు నింపి, మూఁడవనాఁడే చేపలను విడిచితిమి. వారము తిరుగకముందే అన్నియు చనిపోయెను. నీరు తేటగానే యుండెను, మఱి దోషమెక్కడ?

చేపల విసర్జనమునుండి అమ్మోనియా యను విషము పుట్టును. ఱాళ్లమీఁదను ఇసుకలోను నివసించు సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, పిదప అంతగా హాని చేయని నైట్రేటుగాను మార్చును. అవి వృద్ధిపొందుటకు సుమారు ఆఱు వారములు పట్టును.

రెండవమాఱు చేపలు లేకయే చిటికెడు మేఁత వేయుచు, నీటిని పరీక్షించుచు, ఆ రెండు విషములును పుట్టి నశించువఱకు వేచితిమి. నీరు ఆవిరియైనను ఉప్పు మిగులును. కాఁబట్టి తరిగినంత మంచినీరే పోసితిమి. సముద్రమునుండి పగడములను తీయుట మన దేశమున చట్టవిరుద్ధము, ఎండుఱాళ్లతోనే తృప్తిపడితిమి.

విద్యార్థులారా, కంటికి కానరాని సేవకులు కుదురుకొనిన పిమ్మటనే చేపలను పిలువుఁడు.