మౌనమందిరములు

మన శిడ్లఘట్ట, చింతామణి ప్రాంతములవారు భజనమందిరము నెఱుగుదురు. కైవారము తాతయ్యగారి తెలుగు తత్త్వములు పాడుకొనుటకు నాలుగు గోడలు, ఒక దీపము, ఒక తంబూర చాలును. అంత నిరాడంబరమగు మందిరములే ఇంగ్లండు దేశమునందును కలవు. కాని అచట పాట లేదు, తాళము లేదు. క్వేకరులు అనబడు మిత్రసమాజమువారి ఆ మందిరములను గూర్చి మా పెద్ద తరగతులలో చెప్పిన పాఠమునే తల్లిదండ్రుల కొఱకు ఇచట వ్రాయుచున్నాము.

17వ శతాబ్ది మధ్యభాగమున జార్జి ఫాక్స్ అను నాతడు ప్రతి మనుజుని యందును దైవజ్యోతి కలదనియు, నడుమ పురోహితుడు అక్కఱలేదనియు బోధించెను. ఆతని అనుయాయులు ఒకచోట కూడి మౌనముగా కూర్చుండిరి. లోపల ప్రేరణ కలిగినవారు, స్త్రీయైనను పురుషుడైనను, లేచి మాటలాడిరి. ఇట్టి ఉపాసనకు బలిపీఠమేల, శిఖరమేల, రంగుల అద్దములేల? బల్లలుండిన చాలును. పెద్దలకు మాత్రము ఒక గోడ ప్రక్కను కొంచెము ఎత్తైన బల్ల యుండును. పలుచోట్ల నడుమ కొయ్యపలకల అడ్డు గలదు. స్త్రీపురుషులు తమ తమ వ్యవహారములను వేఱుగా చర్చించునపుడు దానిని మూసి, ఉపాసనవేళ తెఱచెడివారు.

హెర్ట్‌ఫర్డు పట్టణపు మందిరము 1670లో కట్టబడి నేటికిని వాడుకలో నున్నది. 1675 నాటి బ్రిగ్‌ఫ్లాట్సు మందిరము రాతికట్టడము. సున్నము కొట్టిన గోడలు. కాపరులు వెంటతెచ్చిన కుక్కలకై లోపల మెట్ల మొదట ఒక చిన్న దొడ్డి గలదు. ఇది వినగానే పిల్లలు నవ్విరి. మాకును మిక్కిలి నచ్చినది అదియే. 1688 నాటి జోర్డన్సు మందిరము ఎఱ్ఱ ఇటుకలతో, పెంకుల కప్పుతో ఒక రైతు ఇల్లువలె కనబడును. కావలివాని నివాసమును దానినంటియే యున్నది. పెన్సిల్వేనియా స్థాపకుడగు విలియం పెన్ సమాధి ఆ యావరణలోనిదే. 2005లో అగ్నిప్రమాదమున కప్పు చెడగా మరల బాగుచేసిరి.

లండనులోని ఈ సమాజమువారి భవనము మాత్రము చాల పెద్దది. 1931 సెప్టెంబరులో రౌండు టేబులు సమావేశమునకు వెళ్లిన గాంధీమహాత్మునకు అచటనే స్వాగతసభ జరిగినది.

ఈ చిన్న కట్టడముల వెనుక చాల బాధ యున్నది. 1664 నాటి చట్టము ప్రకారము, ఒక కుటుంబమువారు గాక అయిదుగురు గాని అంతకు మించి గాని పరులు కూడి రాజమతమునకు భిన్నముగా ఉపాసించుట నేరము. జరిమానా, చెఱ తప్పవు. 1670లో లండనులోని హార్స్‌లీడౌన్ మందిరమును సైనికులు కూలద్రోయగా, సమాజమువారు ఆ శిథిలముల మీదనే కూర్చుండి ఉపాసన సాగించిరి. 1682లో బ్రిస్టలు నగరమున పెద్దలు ఇంచుమించు అందఱును చెఱసాల పాలైరి. అప్పుడు పిల్లలే సమావేశములను నడపిరి. అధికారులు కొట్టినను మానలేదు. 1689లో గాని చట్టము వారికి ఉపాసనాస్వేచ్ఛ నొసగలేదు.

పెద్దలు లేనపుడు ఆ పిల్లలేమి చేసెడివారని తరగతిలో ఒక బాలిక మమ్మడిగినది. పెద్దలు చేసినదే చేసిరని చెప్పితిమి: వేళకు వచ్చి, మాటలాడక కూర్చుండిరి.